పరిగె

బెలుగుప్ప దాటినాక ఎర్రమిట్ట మీద
డెబ్బై మూడో గాలిమర నిలబడిపోయి మూడు రోజులు.
చెడిపోయి కాదు.
కార్తీకం వెళ్ళేటప్పుడు మా అనంతపురం గాలికి
ఏటా వచ్చే బద్ధకం అది.

గేర్‌బాక్సులో నూనె మార్చేకి వచ్చినాను నేను.
కింద కళ్ళంలో, చేటనిండా కొర్రలతో
వన్నూరక్క కూడా నిలబడే ఉంది.
ఇద్దరికీ పని ఉంది.
పని పెట్టేది మాత్రం ఇంకా రాలేదు.

"ఏమప్పా, మబ్బుల్ని తరిమేది మీ ఫ్యాన్లే కదా?"
అని మొదలుపెట్టింది.
ఏడేళ్ళుగా వింటున్న మాట.
మా రెక్క కొస తాకేది నూటిరవై మీటర్లు,
మబ్బు పోయే దోవ ఇంకా ఎంతో పైన
అని ఏడేళ్ళుగా చెప్తానే ఉన్నా.
ఎండిన బుడ్డల చేను పక్కన నిలబడి చెబితే
నా లెక్క నాకే అబద్ధంలా వినిపిస్తుంది.

"సరే, గాలితో కరెంటెట్ల చేస్తారో అదన్నా చెప్పు."

రెక్కను గాలి తోస్తుందనుకుంటావు గానీ అక్కా,
ఉత్త తోపుడు కాదు.
రెక్కకు ఒక పక్క వీపు ఉబ్బి ఉంటుంది, చేప మాదిరి.
ఆ వీపు మీద గాలి పరుగెత్తిపోతుంది,
పరుగెత్తిన చోట దాని ఒత్తిడి పలచబడుతుంది,
ఆ పలచని వైపుకి రెక్క లాగబడుతుంది.
మూడు రెక్కలూ ఒకదాని వెంట ఒకటి,
నిమిషానికి పదిహేను చుట్లు.
గానుగెద్దు కన్నా చురుకు, నీ కవ్వం కన్నా నిదానం.

పదిహేను చుట్లు చాలవు.
పెద్ద చక్రం చిన్నదాన్ని, అది ఇంకా చిన్నదాన్ని
తరిమి తరిమి పదిహేనును పదిహేను వందలు చేస్తాయి.
కొసన అయస్కాంతం,
దాని చుట్టూ రాగితీగ చుట్టలు.
అయస్కాంతం తిరిగితే
తాకకుండానే తీగలో కదలిక పుడుతుంది.

"తాకకుండానేనా?"
"తాకకుండానే."
"మా అత్త మాదిరి," అంది.
"ఆయమ్మ పక్కింట్లో దగ్గితే నేనిక్కడ లేచి నిలబడాల."

గాలి రెండింతలైతే కరెంటు ఎనిమిదింతలని చెప్పినాను.
సొసైటీ వడ్డీ కూడా అట్లే పెరిగిందని తాను చెప్పింది.

"వచ్చిన గాలినంతా పట్టేస్తారా?"

లేదక్కా. అంతా పట్టేస్తే గాలి అక్కడే ఆగిపోతుంది,
ఆగిన గాలి వెనకొచ్చే గాలికి దోవ ఇయ్యదు.
ఇరవై ఏడు పాళ్ళలో పదహారుకు మించి
ఎంత గొప్ప మరకైనా చిక్కదు.
తక్కింది పోనియ్యాల్సిందే.

చేట దించింది వన్నూరక్క.
"పరిగె," అంది.
కోసిన చేన్లో రాలిన కంకులు మనం ఏరుకోకూడదు,
అవి చేను లేనోళ్ళవి.
"మీ మరకు గూడా ఎవరో బుద్ధి చెప్పి పంపినారే."

కాలేజీలో ఆ సూత్రం పేజీన్నర రాసినాను.
ఒక్క మాటలో రాయొచ్చని తెలీదు.

మూడింటికి నిచ్చెన ఎక్కినాను.
నడుముకు తాడు, మెడ వెనక చెమట,
కింద ఫకృద్దీన్ వాకీటాకీలో
పాత నూనె ఎంత నల్లగుందని అడుగుతా ఉన్నాడు.
కొత్తది పోసి, మూత బిగించి,
పైకప్పు తెరిచి తల బయట పెట్టేసరికి
కళ్ళంలో కొర్రపొట్టు లేచింది,
పసుప్పచ్చని తోక,
కంప చెట్ల దాకా సాగి, విరిగి, మళ్ళీ సాగి.

గబగబ దిగి బ్రేకు వదిలినాను.
మర వెంటనే నమ్మదు.
కొన్ని నిమిషాల గాలి చూసి, సగటు కట్టుకొని
అప్పుడు గాని కదలదు.

గాలి కొంచెం ఈశాన్యానికి జరిగింది.
చేట ఆపకుండానే వన్నూరక్క
అరడుగు పక్కకు తిరిగింది.
పొట్టు నా బూట్ల మీద పడింది.
ఎంతోసేపటికి, పైన,
అరవై టన్నుల తల మూలుగుతా మూలుగుతా
ఆమె ఎప్పుడో కనుక్కున్న గాలి వైపుకి
తిరగడం మొదలుపెట్టింది.